దుర్లోకభావనయు విశాఖపట్టణ సాహిత్యమును

ఆంగ్లసాహిత్యవిమర్శమున 'డిస్టోపియా' యను పదము నేడు మిక్కిలి వ్యాప్తిలో నున్నది. తెలుగు పత్రికలయందును పుస్తకసమీక్షలయందును అది యథాతథముగా తెలుగులిపిలో కానవచ్చుచున్నది. కఱవు వచ్చినను, యుద్ధము వచ్చినను, నగరమును పొగ క్రమ్మినను, ఒక కథ విషాదాంతమైనను ఈ పదమే ప్రయుక్తమగుచున్నది. ఇన్ని యర్థములకు వాడబడిన పదము తుదకు ఏ యర్థమును నిలుపుకొనజాలదు. కావున దాని పుట్టుకను, శాస్త్రీయమగు నర్థమును నిర్ణయించి, తెలుగు సాహిత్యమున, అందును విశాఖపట్టణప్రాంతపు సాహిత్యమున, ఆ యర్థమునకు చేరువయగు రచన లెవ్వియో, దూరమగున వెవ్వియో పరిశీలించుట యవసరము.

ఈ పదమునకు మూలము 'యుటోపియా'. 1516వ సంవత్సరమున థామస్ మోర్ అను ఆంగ్లపండితుడు లాటిన్ భాషలో వ్రాసిన గ్రంథమునకు ఆ పేరు పెట్టెను. గ్రీకుభాషలో 'టోపోస్' అనగా చోటు. దాని ముందున్న యక్షరమును ఒక విధముగా గ్రహించినచో 'లేని చోటు' అనియు, మఱియొక విధముగా గ్రహించినచో 'మంచి చోటు' అనియు అర్థము వచ్చును. ఆ శ్లేష గ్రంథకర్త కోరి చేసినదే. మంచిచోటునకు ప్రతిగా చెడ్డచోటు అను నర్థమున పిమ్మట 'డుస్' అను గ్రీకు ఉపసర్గను చేర్చి 'డిస్టోపియా' యను పదమును కల్పించిరి. ఈ 'డుస్' అనునది సంస్కృతమున 'దుస్', 'దుర్' అను రూపములతో నున్న యుపసర్గకు తోబుట్టువు. దుర్దినము, దుర్భిక్షము, దుర్నీతి యను పదములయందు తెలుగువారికి నిత్యపరిచితమైనది అదియే. కావున డిస్టోపియాను 'దుర్లోకము' అనుట పరాయిమాటకు క్రొత్తవేషము వేయుట కాదు. విడిపోయిన చుట్టములను ఒకచోట చేర్చుటయే యగును.

అయితే వ్యుత్పత్తి యొక్కటియే యర్థమును నిర్ణయింపజాలదు, ప్రయోగమును చూడవలెను. 1868వ సంవత్సరము మార్చి 12వ తేదీన బ్రిటిషు పార్లమెంటులో ఐర్లండు దేశస్థితిని గూర్చి చర్చ జరిగినప్పుడు జాన్ స్టూవర్ట్ మిల్ ఈ పదమును ప్రయోగించెను. ప్రభుత్వపక్షమువారిని యుటోపియావాదు లనుట వారిని మెచ్చుకొనుటయే యగుననియు, ఆచరణకు అందరానంత మంచిదానిని కోరువారికి ఆ పేరు చెల్లుననియు, వీరు కోరునది ఆచరణకు తగనంత చెడ్డది గావున వీరికి దుర్లోకవాదు లను పేరే తగుననియు ఆయన యభిప్రాయము. ఆ సందర్భముననే ఆయన 'కాకోటోపియా' యను మఱియొక పదమును గూడ వాడెను. అది అంతకు ముందే జెరెమీ బెంథామ్ కల్పించినది. ఇక్కడ గమనింపదగిన దొకటి కలదు. మిల్ ఈ పదమును భూకంపమునకు గాని, క్షామమునకు గాని, శత్రుసేన తగులబెట్టిన పట్టణమునకు గాని వాడలేదు. మంచిపరిపాలన యని చెప్పుకొనుచున్న యొక ప్రభుత్వవిధానమునకు వాడెను.

ఇరువదవ శతాబ్దమున ఈ పదము సాహిత్యశాఖకు పేరయ్యెను. రష్యాదేశమున నౌకానిర్మాణశాస్త్రవేత్తయగు యెవ్‌గెనీ జమ్యాతిన్ 1920-21 ప్రాంతమున వ్రాసిన 'మేము' అను నవల 1924లో ఆంగ్లానువాదముగా వెలువడెను. స్వదేశమున అచ్చగుటకు 1988 వఱకు వేచియుండవలసి వచ్చెను. ఆల్డస్ హక్స్‌లీ వ్రాసిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' 1932లోను, బిహారు ప్రాంతమునందలి మోతిహారిలో జన్మించిన జార్జి ఆర్వెల్ వ్రాసిన 'నైన్టీన్ ఎయిటీఫోర్' 1949లోను వెలువడినవి. ఈ మూడింటిని కలిపి చూచినచో దుర్లోకమునకు మూడు లక్షణములు తేలుచున్నవి.

మొదటిది, ఆ లోకము మనుష్యకృతమగు వ్యవస్థ. అది దైవికమును గాదు, ఆకస్మికమును గాదు. చట్టములు, అధికారులు, దినచర్యలు, లెక్కలు దానికి అంగములు. రెండవది, దానికి మంచిపేరు కలదు. జమ్యాతిన్ నవలలో ప్రజలకు పేర్లు లేవు, సంఖ్యలే కలవు; అయినను అచటి పాలన సుఖమునకే యని ప్రకటింపబడుచుండును. హక్స్‌లీ లోకమున బాధయే లేదు. బాధ తెలియనీయని మందు కలదు. మూడవది, అందు వసించువారికి దానిని చెడ్డదని చెప్పుటకు వలయు మాటలు క్రమముగా నశించును. ఆర్వెల్ నవలలో ప్రభుత్వమే భాషను కుదించి, ధిక్కారమును తలచుటకైనను పదము లేకుండ చేయుచుండును. మనుష్యకృతత్వము, సన్నామధారణము, వాగ్లోపము అను నీ మూడును కలిసినచోటనే దుర్లోకము పూర్ణముగా నుండును. ఒక్కొక్కటి మాత్రమే యున్నచోట దాని పోలిక యుండును గాని అది యుండదు.

ఈ కొలతతో భారతీయసాహిత్యమును చూచునప్పుడు మొదట తోచునది కలియుగవర్ణనము. మహాభారతారణ్యపర్వమున మార్కండేయుడు ధర్మరాజునకు యుగాంతమునందలి మనుష్యుల నడవడిని చెప్పును. భాగవత ద్వాదశస్కంధమున కలిధర్మములు వర్ణింపబడినవి. పోతులూరి వీరబ్రహ్మము పేర ప్రచారములోనున్న కాలజ్ఞానము ఆ సంప్రదాయమునే జనసామాన్యపు నోటికి తెచ్చినది. రాజులు దొంగలగుట, ఆయువు తగ్గుట, వానలు తప్పుట, విద్య విక్రయవస్తువగుట యను నిట్టి వర్ణనములను చదివిన నవీనవిమర్శకుడు వీనిని దుర్లోకసాహిత్యమనుట సహజము. కాని యిక్కడ కారణము కాలము. కృతయుగమున నాలుగు పాదములతో నడచిన ధర్మము కలియుగమున ఒంటిపాదముపై నిలుచుట యుగస్వభావము; ఏ యధికారియు దానిని శాసించి చేసినది గాదు. తుదకు కల్క్యవతారము, మరల కృతయుగము. చక్రము తిరుగును. చెడుగునకు అవధి యున్నది. ఆ యవధిని తెచ్చువాడు మనుష్యుడు గాడు. అంతేకాక కలివర్ణనమున చెడుగు చెడుగుగానే పేర్కొనబడును; దానికి మంచిపేరు లేదు. కావున ఇది దుర్లోకము గాదు, దుష్కాలము. స్థలమునకును కాలమునకును గల భేదమే యీ రెండింటికిని గల భేదము.

ఇక విశాఖపట్టణప్రాంతము. ఈ సీమలో దేశారిష్టమును కావ్యవస్తువుగా గైకొన్న రచనలలో ముఖ్యమైనది గోగులపాటి కూర్మనాథకవి 'సింహాద్రి నరసింహశతకము'. పదునెనిమిదవ శతాబ్దివాడగు ఈ కవి విజయనగర సంస్థానమున దేవస్థానోద్యోగమున నుండెను. ఆ శతాబ్ది నడుమ ఉత్తరసర్కారుల చరిత్ర మిక్కిలి కల్లోలితము. 1753లో నైజాము ఈ సర్కారులను ఫ్రెంచివారికి ధారాదత్తము చేసెను. శ్రీకాకుళపు ఫౌజుదారు జాఫరలీఖాను దాని కొప్పుకొనక నాగపురపు మరాఠా రౌతులను పిలిపించెను. 1754లో వారు ఈ దేశమును దోచిరి. తురుష్కసేనలు సింహాచలప్రాంతముపై వచ్చి పడిన సందర్భమున కూర్మనాథుడు సీసపద్యములతో శతకము చెప్పి, తన దైవమునే నిందించెను. పూజలు నిలిచిన గుడి, పారిపోవు ప్రజలు, దిక్కులేని పల్లెలు అందు వర్ణితములు. ఇంత జరుగుచుండగా ఊరకున్నావేమని స్వామిని నిలదీయుట ఆ శతకమునకు ప్రాణము. పద్యములు సాగుచుండగా కొండనుండి తుమ్మెదలు గుంపులుగా లేచి సేనను తఱుముకొని పోయినవని ఐతిహ్యము. విశాఖపట్టణము చెంతనున్న తుమ్మెదల మెట్టకు ఆ పేరు అందువలననే వచ్చినదని చెప్పుదురు.

ఇట్టి శతకములు తెలుగున ఒకటిగాదు. భల్లా పేరకవి 'భద్రగిరి శతకము' గూడ భద్రాచలముపై జరిగిన దండయాత్ర సందర్భమున దైవమును నిందించునదే. వీనిలో బాధ నిజము, కోపము నిజము. కాని వర్ణితమైన చెడుగు వెలుపలినుండి వచ్చినది. శత్రువు శత్రువుగానే వచ్చెను. ఉపకారి వేషముతో రాలేదు. బాధితునకు వాగ్లోపము లేదు; పైగా దేవునిపైనను గొంతెత్తగల వాగ్విభవము కలదు. కావున కూర్మనాథుని శతకము విధ్వంసకావ్యమనదగును గాని దుర్లోకకావ్యమన దగదు. అయినను ఒక విషయమున ఇది కలివర్ణనమునకంటె ముందడుగు వేసినది. ఇట్లు జరుగుట కాలస్వభావమని ఊరడిల్లక, దీనికి జవాబు చెప్పవలసినవా డొకడు కలడని కవి పట్టుపట్టెను. జవాబుదారి యెవ్వడను ప్రశ్న విశాఖసాహిత్యమున ఈ శతకముతో వినవచ్చినది.

దుర్లోకము సుందరలోకస్వప్నమునకు నీడ వంటిది. స్వప్నము లేనిచోట నీడ యుండదు. దక్షిణదేశమున ఆ స్వప్నము నవీనయుగమున పలువిధముల కానవచ్చెను. 1905లో బేగమ్ రొకేయా వ్రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' అను స్త్రీరాజ్యకథ మదరాసు నుండి వెలువడుచుండిన ఆంగ్లపత్రికలో అచ్చయ్యెను. తెలుగున ఇట్టి స్వప్నమునకు తీవ్రతమమగు రూపము నిచ్చినవాడు విశాఖపట్టణముననే 1910లో జన్మించిన శ్రీరంగము శ్రీనివాసరావు. 1930ల దశకమున ఆయన వ్రాసిన గేయములు 1950లో 'మహాప్రస్థానము' పేర గ్రంథరూపము దాల్చినవి. పాతలోకమును వీడి నూతనలోకమునకు నడువుమను పిలుపు వాని సారము. ఆ గేయములు వెలువడిన కాలముననే 1933లో విశాఖరేవు నౌకల రాకపోకలకు తెఱవబడెను. పల్లెలనుండి కూలిజనము పట్టణమునకు చేరసాగిరి. శ్రీశ్రీ చూచిన లోకము రాబోవునది. ఆ వచ్చిన కూలిజనము బ్రదుకవలసిన లోకము ఎదుటనున్నది. ఆ రెండవ లోకమును కథలలో నిలిపినవాడు మఱియొక విశాఖ రచయిత.

రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) విశాఖపట్టణమున న్యాయవాదవృత్తి చేసెను. 1960ల దశకారంభమున ఆయన వ్రాసిన 'ఆఱు సారాకథలు' మద్యనిషేధచట్టము క్రింద నడచిన నేరములును విచారణలును వస్తువుగా గలవి. వీని నర్థము చేసికొనుటకు ఆ చట్టపు చరిత్ర తెలియవలెను.

మద్యనిషేధము స్వాతంత్ర్యోద్యమమునందలి పవిత్రసంకల్పములలో నొకటి. చక్రవర్తి రాజగోపాలాచారి మంత్రివర్గము 1937లో మదరాసు మద్యనిషేధచట్టమును గావించి, ఆ యేడు అక్టోబరు 1వ తేదీనుండి సేలము జిల్లాలో అమలు చేసెను. ఆ మంత్రివర్గము 1939లో తొలగిన పిమ్మట కొంతకాలమునకు నిషేధము సడలింపబడినను, మరల విస్తరింపబడి 1948 అక్టోబరు 2వ తేదీనాటికి రాజధాని యంతటను వ్యాపించెను. విశాఖపట్టణము జిల్లాయు అందు చేరెను. రాజ్యాంగమునందలి 47వ అధికరణము మద్యనిషేధమును ప్రభుత్వమునకు ఆదేశించినది. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకును ఈ చట్టము దాయముగా వచ్చెను. టంగుటూరి ప్రకాశము పంతులు మంత్రివర్గము 1954 నవంబరులో శాసనసభలో ఓడిపోయినది మద్యనిషేధవిషయకమగు అవిశ్వాసతీర్మానముననే. ఆ యోటమి ఒక్క వోటుతో జరిగినది. 1960ల దశకాంతమున గాని ఆంధ్రప్రాంతమున ఆ నిషేధము సడలలేదు.

ఆ చట్టము తలపెట్టినది సుందరలోకమే. త్రాగుబోతు లేని ఊరు, కన్నీరు లేని ఇల్లు, కూలి డబ్బు బిడ్డల కూటికి చేరు కుటుంబము దాని గమ్యము. కాని రేవుపట్టణపు సందులలో దాని ఫలము వేఱుగా నుండెను. కల్లుగీతవృత్తివారికి జీవనము పోయెను. కల్లుపాక మూతపడినచోట దొంగసారా బట్టీ లేచెను. బట్టీ నడచుటకు మామూలు, మామూలు పోకున్నచో కేసు, కేసునకు సాక్షులు, సాక్షులకు కూలి, ముద్దాయికి ప్లీడరు, ప్లీడరునకు ఫీజు. ఇట్లు నిషేధింపబడిన వస్తువు చుట్టును ఒక జీవనవ్యవస్థ యల్లుకొనెను. కాచువాడు, మోయువాడు, అమ్మువాడు, పట్టుకొనువాడు, వాదించువాడు, తీర్పు చెప్పువాడు అందఱును దానినుండియే జీవింపసాగిరి. చట్టమును ఉల్లంఘించువారే గాక దానిని నడుపువారును ఆ యుల్లంఘనపై నాధారపడినవా రైరి. సారాకథల యంతస్సారము ఇదియే.

ఆ సంపుటమునందలి 'మాయ' యను కథ ఈ విషయమున ముఖ్యమైనది. సారాకేసులో ముద్దాయి యగు ముత్యాలమ్మ యను స్త్రీ, చట్టముపై నమ్మకముగల యొక క్రొత్త న్యాయవాదికి, న్యాయము ఎట్లు నడచునో తన యుత్తరాంధ్రపు పలుకుబడిలో విశదము చేయును. చదువుకొన్నవాడు శిష్యుడును, చదువులేనిది గురువును అగుట ఆ కథలోని విపర్యయము. కథ పేరును గమనింపదగినది. వేదాంతమున మాయ యనగా లేనిదానిని ఉన్నట్లు తోపించునది. ఇక్కడ మాయ బ్రహ్మమునకు సంబంధించినది గాదు. బల్ల, బోను, బిళ్లబంట్రోతు, దస్త్రము, ప్రమాణము ఇవియన్నియు కలిసి న్యాయము జరుగుచున్నట్లు తోపించునది. కాలముపై వేయబడిన భారమును రచయిత చట్టమును నడుపు మనుష్యులపై పెట్టెను. కలివర్ణనమునకును సారాకథకును గల దూరము అంతయు ఈ యొక్క పేరులో నున్నది.

పైని చెప్పిన మూడు లక్షణములతో దీనిని సరిచూడవచ్చును. మనుష్యకృతత్వము స్పష్టము: వ్యవస్థ చట్టముచే ఏర్పడినది. సన్నామధారణము స్పష్టము: ధర్మము పేర, బీదల క్షేమము పేర అది నిలిచియున్నది. వాగ్లోపము మాత్రము వేఱు తీరున నున్నది. ఆర్వెల్ లోకమున మాట లేకపోయినది. విశాఖ కోర్టులో మాట యున్నది గాని ఆ మాట దస్త్రమున కెక్కదు. కోర్టు భాష ఒకటి, ముత్యాలమ్మ భాష వేఱొకటి. ఆమె తెలిసికొన్న నిజము ఆమె యాడుభాషలో తప్ప మఱి యే భాషలోను చెప్పబడలేదు. కావుననే రచయిత ఆ మాండలికమును అలంకారముగా గాక సాక్ష్యముగా గ్రహించెను. గ్రాంథికవ్యావహారిక వాదములలో ఏ పక్షమువారైనను ఇందలి న్యాయమును కాదనజాలరు. వాఙ్మూలమును చెప్పినవాని మాటలలోనే వ్రాయవలెనుగదా.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. దుర్లోకనవలలు భావికాలమును గాని కల్పితదేశమును గాని వర్ణించును. సారాకథలు వర్తమానమును, పేరున్న పట్టణమును వర్ణించును. కావున ఇవి వాస్తవికకథలు, లేదా అధిక్షేపకథలు. దుర్లోకమను పేరు వీనికి తగదు. ఈ యాక్షేపము శాఖానిర్ణయమున సబలమే. కఠినార్థమున సారాకథలు దుర్లోకకావ్యములు గావు. కాని మిల్ ఆ పదమును ప్రయోగించినది భావికాలమునకు గాదు, తనకాలపు ఐర్లండునకు. జమ్యాతిన్ వ్రాసిన సుదూరభవిష్యత్తు గూడ తన కన్నులయెదుట ఏర్పడుచున్న వ్యవస్థను దూరమున నిలిపి చూపుటకే. భావికాలము ఒక ఉపాయము మాత్రమే, దృష్టి వేఱు. ఆ దృష్టి యేదన, మంచిపేరుగల యేర్పాటు చెడుగును ఎట్లు పుట్టించునో చూపుట. శాఖచే గాకున్నను దృష్టిచే సారాకథలు ఆ వర్గమునకు చేరువ. హిందీభాషలో భారతేందు హరిశ్చంద్రుడు 1881లో వ్రాసిన 'అంధేర్ నగరీ' యను ప్రహసనమును ఇట్లే గ్రహింపవచ్చును: అంగడిలో అన్నిటికి ఒకే వెల, కొలువులో నేరము చేసినవానికిని చేయనివానికిని ఒకే ఉరి.

మఱియొక యపోహను గూడ తొలగింపవలెను. సారాకథలు సారాను సమర్థించునవి గావు. మద్యము కుటుంబములకు చేయు కీడు నిజమని చరిత్ర మరల చూపినది. 1992 ప్రాంతమున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలిడిన సారా వ్యతిరేకోద్యమము రాష్ట్రమంతటను వ్యాపించి, 1995లో మరల మద్యనిషేధమునకు దారితీసెను. 1997లో అదియును ఎత్తివేయబడెను. ఆ స్త్రీల కోరికయు న్యాయమే, ముత్యాలమ్మ సాక్ష్యమును సత్యమే. ఈ రెండింటిని ఒక్కమాఱు మనస్సున నిలుపుకొనుట కష్టము. సుందరలోకస్వప్నమును వీడకయే దాని యమలులోని దుర్లోకమును చూడగలుగుట దుర్లోకసాహిత్యపు ప్రయోజనము. స్వప్నమే తప్పనువాడు దానిని చదువలేదు. స్వప్నము పేరు చెప్పిన చాలునని తలచువాడును చదువలేదు.

ఈ భేదము పండితవినోదము మాత్రమే గాదు. విశాఖపట్టణము పిమ్మట ఉక్కునగరమయ్యెను. 1966లో ఉక్కుకర్మాగారముకొఱకు ఆంధ్రదేశమంతట జరిగిన యాందోళనమున ముప్పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1992లో కర్మాగారము జాతి కంకితమయ్యెను. దానికి భూములిచ్చి అనేకగ్రామములవారు నిర్వాసితులైరి. 2020 మే 7వ తేదీ వేకువన నగరపు అంచుననున్న ఆర్.ఆర్. వెంకటాపురమున ఒక రసాయనకర్మాగారమునుండి స్టైరీనువాయువు వెలువడి పండ్రెండుగురు మరణించిరి. ఇట్టి సందర్భములలో ఈ నగరము డిస్టోపియా యైనదని వ్రాయుట తేలిక. కాని ఆ మాట ఎవ్వరి చేతలను చూపకయే దుఃఖమును మాత్రము చూపును. యుగధర్మమని నిట్టూర్చుటకు అది నాగరికరూపమగును. వాయువు వెలువడుట ప్రమాదము. ప్రభుత్వము నియమించిన యున్నతాధికారసంఘము దానికి మనుష్యుల నిర్లక్ష్యమును కారణముగా చూపినది. నిర్వాసితుల స్థితి వ్యవస్థావిషయము. దానిని ఆ పేరుతోనే విచారింపవలెను. కూర్మనాథుడు దేవుని నడిగినట్లు, ముత్యాలమ్మ ప్లీడరునకు విప్పి చెప్పినట్లు, ఎవ్వరు జవాబుదారులో అడుగునదే సార్థకమగు రచన.

కావున తెలుగువిమర్శమున మూడు మాటలను వేఱువేఱుగ నుంచుట మేలు. కాలమువలన కలిగినదిగా చెప్పబడు చెడుగు దుష్కాలము. దానికి కలివర్ణనము ఉదాహరణము. శత్రువువలన కాని ప్రకృతివలన కాని కలిగినది విధ్వంసము; దానికి సింహాద్రి నరసింహశతకము ఉదాహరణము. మంచిపేరుతో మనుష్యులు నిర్మించిన చెడ్డ యేర్పాటు దుర్లోకము. దానికి చేరువయైనవి ఆఱు సారాకథలు. మొదటిదాని యెదుట ఓర్పును, రెండవదాని యెదుట రక్షణమును మనుష్యుడు కోరును. మూడవదాని యెదుట కోరవలసినది విచారణ. విచారణము అవసరమైనచోట ఓర్పును బోధింపకుండుటకే ఈ పదమునకు నిర్దిష్టార్థము కావలెను.